ఉద్దానంలో క్షేత్రానుభవ విద్య: సేవాశిబిరం నుంచి ఇంటర్న్‌షిప్ దాకా

ఉన్నత విద్యలో శ్రమకు చోటు కల్పించాలన్న ఆలోచన కొత్తది కాదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ విద్యలో అంతర్భాగం కావాలని సూచించింది. 1969లో, గాంధీ శతజయంతి సంవత్సరంలో, జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. కళాశాలల్లో వేళ్లూనుకొన్నది ఈ రెండవదే. శిబిరం, శ్రమదానం, తిరుగు ప్రయాణం. డిగ్రీ మార్కులతో దానికి పెద్దగా సంబంధం ఉండేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఈ స్థితి మారింది. రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం తరువాత రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం తరువాత మరో రెండు నెలలు, చివరగా ఒక పూర్తి సెమిస్టరు. సేవకు క్రెడిట్లు వచ్చాయి. వాటితోపాటు లాగ్‌బుక్కు, మార్గదర్శక అధ్యాపకుడు, నివేదిక వచ్చాయి. 2008లో ఎచ్చెర్ల కేంద్రంగా ఏర్పడిన డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయ పరిధిలోని పలాస, టెక్కలి డిగ్రీ కళాశాలలకూ ఇదే వర్తించింది.

నియమం రాష్ట్రమంతటికీ ఒకటే గాని పనిచోటు ఒకటి కాదు. పలాస-కాశీబుగ్గలో విద్యార్థికి చేరువలో ఉన్నది జీడిపప్పు పరిశ్రమ. పిక్క కొట్టడం, పొట్టు తీయడం, నిండు పప్పును బద్దనుంచి వేరుచేయడం ప్రధానంగా మహిళల చేతిపని. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను కూల్చింది. కొత్త జీడిమొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల ఇక్కడి పిక్కల కొనుగోలు లెక్కలు వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని పాఠం. అయితే చిన్న కార్ఖానాలో శిక్షణాధికారి ఉండడు. యజమానే గుమస్తా, యజమానే మేస్త్రీ. విద్యార్థి ఏ పని చూడాలో, ఏ లెక్క రాయాలో అధ్యాపకుడు ముందుగా అతనితో కూర్చొని నిర్ణయించకపోతే మిగిలేది ధ్రువపత్రం మాత్రమే.

తీరం వెంబడి కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో చిక్కు మరింత లోతైనది. మూత్రపిండాల వ్యాధికి కారణం కోసం ఈ గ్రామాల నుంచి నీటిని, మట్టిని, రక్తాన్ని పరిశోధకులు పలుమార్లు సేకరించారు. తుది నిర్ధారణ నేటికీ జరగలేదు. అటువంటి ఊరిలో సామాజిక-ఆర్థిక సర్వే ఫారంతో వచ్చే మొదటి సంవత్సరం విద్యార్థి, ఇంటివారి దృష్టిలో ఇంకొక లెక్కలవాడే. ఇంట్లో డయాలసిస్ ఎవరికని అడగడం రేషన్ కార్డు రంగు అడగడం వంటిది కాదు. వైద్యవిద్యార్థి ఈ ప్రశ్న అనుభవజ్ఞుని పర్యవేక్షణలో అడుగుతాడు. డిగ్రీ విద్యార్థికి ఆ అండ లేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఆ లోటు తీర్చగల స్థితిలో ఉన్నాయి. అక్కడి సిబ్బంది సర్వేకు ముందు విద్యార్థులకు ఒకటి రెండు రోజుల శిక్షణ ఇవ్వవచ్చు. నివేదిక ప్రతి కళాశాల బీరువాకు పోకముందే గ్రామ సచివాలయానికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరవచ్చు.