పందెం పుంజు నుంచి నిమ్మకారం కోడి దాకా

పుల్లలచెరువు మండలం పొలిమేర దాటితే పల్నాడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ మధ్య జరిగిందని చెప్పే కోడిపందెం మాచర్ల వాళ్లను ఏడేళ్లు వనవాసానికి పంపింది. ఓడిన పుంజు ఎవరి కుండలో ఉడికిందో వీరగాథలు చెప్పవు. ఉడికినా ఆ కూరలో ఎండుమిరప లేదు, ఘాటంతా మిరియాలదే. మిరప అమెరికా ఖండాల మొక్క. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాకే పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి దిగింది. పల్నాటి జొన్నకూటితో విసిగిపోయాడని చెప్పుకొనే శ్రీనాథుడికీ దాని రుచి తెలియదు. ఇవాళేమో ఈ చుట్టుపక్కల కల్లాల్లో ఎండిన కాయలు టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎక్కి గుంటూరు యార్డుకు పోతున్నాయి.

నిమ్మది మరో కథ. ఆ జాతి పండ్ల పుట్టిల్లు హిమాలయ పాదాలే. అంత పాతదైనా, కోడి ముక్కలకు నిమ్మరసం పట్టించి నానబెట్టడం మాత్రం మన ఊళ్లలో కొత్త అలవాటే అంటాను. కారణం కోడే. పెరట్లో తిరిగిన నాటుకోడికి పసుపు రాసి, మంట మీద కాల్చి, ముక్కలు కొట్టి, మెత్తబడేదాకా ఉడికించాల్సిందే. అంత గట్టి కండను నిమ్మరసం లొంగదీయలేదు. నిమ్మచెక్క ఉల్లిపాయ పక్కన, కంచంలోనే ఉండేది.

1971లో బండా వాసుదేవరావు వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఫారం కోడి పల్లెల దాకా వచ్చింది. దాని మాంసం మెత్తన, రుచి చప్పన, పైగా నీచు వాసనని పెద్దవాళ్ల ఫిర్యాదు. అప్పుడే నిమ్మకు పని పడింది. మద్రాసు బుహారీ హోటల్లో 1965లో పుట్టిందని చెప్పే చికెన్ 65 కూడా, ముందు నానబెట్టి తర్వాత వేయించే పద్ధతికి ఊరూరా దారి వేసింది.

నిమ్మకారం కోడి ఇంట్లో చేసేటప్పుడు కిలో ముక్కలకు ఒక నిమ్మకాయ చాలు. ముక్కలకు గాట్లు పెట్టి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, రసం కలిపి స్టీలు గిన్నెలోనే ఉంచాలి. పులుపు సత్తు గిన్నెను తినేస్తుంది. కాసేపటికి ముక్క అంచులు తెల్లబడతాయి. పులుపు తగిలి మాంసకృత్తులు ముడుచుకుంటున్నాయన్నమాట. రాత్రంతా నానితే మంచిదని చాలామంది నమ్మకం, నేను ఒప్పుకోను. పులుపు పైపొర దాటి పెద్దగా లోపలికి పోదు. పోయేది ఉప్పే. ఎక్కువసేపు ఉంచితే పైభాగం పిండిలా విడిపోతుంది. గంట చాలు. వేరుశనగ నూనెలో కరివేపాకుతో వేయించి, పొయ్యి ఆపాక మరో అరచెక్క పిండాలి. మంట మీదే పిండితే ఆ సువాసన ఆవిరైపోతుంది.

నాటుకోడి దొరికిన రోజు ఈ గొడవేమీ వద్దు. నిమ్మకాయను కంచం పక్కకే పంపి, కుండ పొయ్యి మీద పెట్టండి.