పరదేశీ తాలిబె ఇల్మ్‌కు చోటెక్కడ? అల్-అజ్హర్ రివాక్‌ల కథ

బిడ్డ అరబీ చదువుకోవడానికి ఖాహిరా వెళ్తానంటే మన ఇళ్లలో ముందు వచ్చే సవాల్ చదువు గురించి కాదు. "ఎక్కడుంటాడు? ఏం తింటాడు? ఎవరితో ఉంటాడు?" అమ్మీలు అడిగే ఈ మూడు ముక్కల వెనక వందల ఏళ్ల తారీఖ్ ఉంది. సుల్తానుల తారీఖ్ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తాలిబె ఇల్మ్ పడుకున్న చాప గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి ఆ చాప గురించే రాస్తున్నాను.

అల్-అజ్హర్ మస్జిద్ పని 970లో మొదలైంది. 972లో నమాజ్‌కు తెరిచారు. కట్టింది ఫాతిమీలు. తర్వాత అది సున్నీ ఇల్మ్‌కు పెద్ద మర్కజ్ అయింది. దూరదేశాల నుంచి వచ్చిన గరీబ్ పిల్లలకు వేరే హాస్టల్ లేదు, మస్జిదే ఇల్లు. స్తంభాల మధ్య ఒక్కో వతన్ వాళ్లకు ఒక్కో చోటు. దాన్నే రివాక్ అన్నారు. మగ్రిబీలకు ఒకటి, షామ్ వాళ్లకు ఒకటి, తుర్కులకు ఒకటి, హబష్ వైపు జబర్త్ వాళ్లకు ఒకటి, జావా వాళ్లకు ఒకటి. మన హింద్ వాళ్లకూ ఒక రివాక్ ఉండేది. చూపు లేని తాలిబె ఇల్మ్‌ల కోసం ప్రత్యేకంగా ఒక జావియా కూడా ఉండేది.

ప్రతి రివాక్‌కూ ఒక షేఖ్. పిల్లల పేర్లు, వాళ్ల తగాదాలు, వాళ్ల హక్కులు అన్నీ ఆయన జిమ్మేదారీ. సామాను పెట్టుకోవడానికి చెక్క అల్మారీలు. తిండికి జిరాయా, అంటే వక్ఫ్ ఆమ్దనీ నుంచి పంచే రొట్టెలు. ఎవరో చనిపోతూ రాసిచ్చిన దుకాణం కిరాయ, ఎవరో వదిలిన పొలం పంట, పరదేశీ బిడ్డ చేతిలో రొట్టె అయ్యేది. వక్ఫ్ అంటే మనకిప్పుడు కోర్టు కేసులు, కబ్జాలే గుర్తొస్తాయి. దాని అసలు పని ఇలాంటిది.

అయినా ఆ చోటుకు ఎప్పుడూ భరోసా ఉందనుకోవద్దు. ముఅర్రిఖ్ మక్రీజీ తన జమానాలో జరిగిన ఒక వాకయా రాశాడు. హిజ్రీ 818, అంటే 1415 ప్రాంతం. అప్పుడు అజ్హర్‌లో 750 మంది ఉంటున్నారు. అజమ్ వాళ్లు, జైలా వాళ్లు, మగ్రిబీలు, ఈజిప్టు పల్లెల పిల్లలు. మస్జిద్ ఇంతెజాం చూసే అమీర్ సూదూబ్ వాళ్లందరినీ ఖాళీ చేయమన్నాడు. పెట్టెలు, అల్మారీలు బయట పడేయించాడు. అది సవాబ్ పని అనుకున్నాడు. మక్రీజీ మాత్రం దాన్ని పెద్ద గునాహ్ అన్నాడు. ఆ పిల్లలు చెల్లాచెదురై పల్లెల దారి పట్టారు. మస్జిద్‌లో తిలావత్, దర్స్ తగ్గిపోయాయి. అదే ఏడాది రమజాన్‌లో సుల్తాన్ ఆ అమీర్‌ను పట్టించి దిమష్క్‌లో కైద్ చేశాడు.

ఈ వాకయాలో నాకు కనిపించే మాట ఒకటే. ఉస్తాదులు ఉన్నారు, కితాబులు ఉన్నాయి. పడుకునే చోటు పోయేసరికి చదువు కూడా పోయింది.

రెండో దారి కిరాయ గది. బిల్‌గ్రామ్‌లో 1732లో పుట్టిన మన హింద్ బిడ్డ ముర్తజా జబీదీ, యెమెన్‌లో చదువుకుని 1750లలో ఖాహిరా చేరాడు. ఆయన మొదట దిగింది ఖాన్ అల్-సాగాలో, అంటే కంసాలుల బజారు సరాయిలో. ఆ సంగతి రాసింది ఆయన షాగిర్ద్ జబర్తీ. ఆ జబర్తీ పూర్వీకుడేమో జబర్త్ రివాక్‌కు షేఖ్‌గా ఉన్నవాడు. ఇలా సరాయిలో దిగిన ముసాఫిర్ పద్నాలుగేళ్లకు పైగా కూర్చుని 'తాజుల్ అరూస్' రాశాడు. అరబీలో అతి పెద్ద లుగత్‌లలో అది ఒకటి. అరబ్బులు తమ జుబాన్ మాటలకు అర్థం వెతకడానికి ఇప్పటికీ బిల్‌గ్రామ్ వాడి కితాబ్ తెరుస్తారు.

1902లో పదమూడేళ్ల తాహా హుసేన్ పల్లె నుంచి అజ్హర్‌కు వచ్చాడు. చూపు లేదు. అన్నతో కలిసి తాలిబె ఇల్మ్‌లు ఉండే ఇరుకు కిరాయ గదిలో ఉన్నాడు. అన్న దోస్తుల దగ్గరికి వెళ్తే ఆ చీకటి గదిలో ఒంటరిగా గడిపిన గంటలను తర్వాత 'అల్-అయ్యామ్'లో రాసుకున్నాడు. పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి కూడా ఆ తన్హాయీని మరవలేదు.

జుబాన్ సంగతి కూడా చూడండి. రివాక్‌లో హమ్‌వతన్లు ఉంటారు, జ్వరమొస్తే గంజి ఇస్తారు. కానీ రాత్రంతా మాట్లాడేది సొంత జుబానే. బజారు గదిలో ఆ హిఫాజత్ లేదు, కానీ కింద కూరగాయలవాడితో అరబీలోనే బేరమాడాలి. అది కితాబ్ అరబీ కాదు. ఖాహిరాలో 'జమీల్' కాస్తా 'గమీల్' అవుతుంది, 'కల్బ్' కాస్తా 'అల్బ్' అవుతుంది. ఆ చెవి దర్స్‌లో కూర్చుంటే రాదు.

మూడో దారి 1950లలో వచ్చింది. పరదేశీ పిల్లల కోసం అబ్బాసియా వైపు మదీనతుల్ బుఊస్ అనే హాస్టళ్ల బస్తీ కట్టారు. 1961 కానూన్‌తో అజ్హర్ కొత్త తరహా యూనివర్సిటీ అయింది. మస్జిద్ స్తంభాల కింద పడుకునే జమానా ముగిసింది. ఇప్పుడు వెళ్లే మన పిల్లలకు హాస్టల్, నలుగురు కలిసి తీసుకునే ఫ్లాట్, ఈ రెండే పెద్ద దారులు. పేర్లు మారాయి గానీ సవాల్ పాతదే.

నా మటుకు నేను అడిగేవాళ్లకు చెప్పేది ఇది. మొదటి ఏడాది రివాక్ లాంటి చోటే మేలు. నలుగురు మనవాళ్లు, వేళకు తిండి, అడగడానికి ఒక పెద్దాయన. జుబాన్ కాస్త తిరిగాక ఈజిప్టు పిల్లలతో గది పంచుకోనివ్వండి. ఇంకోటి, ఫీజు కట్టేవాళ్లు మన సమాజంలో ఉన్నారు గానీ కిరాయ, రొట్టె గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. ఒక గరీబ్ బిడ్డ గది కిరాయ ఏడాదిపాటు మోయండి. జిరాయా అంటే అదే.