తట్ట నుంచి నాలుగు తాళ్ల దాకా

విశాఖ రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ 1933 అక్టోబరు 7న వచ్చింది. రేవు కట్టించింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. మధ్య రాష్ట్రాల గనుల్లోంచి వచ్చే మాంగనీసును రాయపూర్–విజయనగరం లైను మీదుగా సముద్రానికి చేర్చడం వాళ్ల అవసరం. మా నాన్న ఆ రేవులోనే కలాసీగా బతుకంతా గడిపాడు. బొగ్గు ఓడ అడుగుకు దిగి పారతో తట్టలు నింపేవాడు. ‘మూడ్రోజులు నల్లగానే ఉమ్మేవాళ్లంరా’ అనేవాడు. ఆయన పారతో చేసిన పనిని నేను క్రేన్ క్యాబిన్‌లో కూర్చుని రెండు లివర్లతో చేశాను, ముప్పై నాలుగేళ్లు. ఈ రెండు పనుల మధ్య జరిగిన మార్పంతా ఉక్కు తాళ్లలో ఉంది.

1834లో జర్మనీలోని హార్జ్ కొండల గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే అధికారి ఇనుప తీగల్ని పేటలుగా పేని తాడు చేయించాడు. అంతకుముందు వాడిన గొలుసుల్లో ఒక్క లంకె తెగితే బరువంతా కిందపడేది. తీగల తాడు అలా కాదు. ఒక్కో తీగ తెగుతూ ముందే హెచ్చరిస్తుంది. ఇలాంటి తాడుకు వేలాడుతూ దవడలతో సరుకును కరిచి ఎత్తే తొట్టే గ్రాబు. దానికి పేరు తెచ్చినవాళ్లు ఇంగ్లండులోని హల్ పట్నం వాళ్లు, ప్రీస్ట్‌మన్ సోదరులు. 1702 యుద్ధంలో స్పెయిన్ తీరాన విగో అఖాతంలో మునిగిన ఓడల బంగారాన్ని పైకి తీయడానికి వాళ్ల చేత గ్రాబు చేయించారు. బంగారం దొరకలేదు గానీ, ఆ దవడల తొట్టి రేవుల్లో బురద తీయడానికి, బొగ్గు ఎత్తడానికి నిలిచిపోయింది.

నేను మొదట చూసింది ఒంటి తాడు గ్రాబు. ఓడ మీద బరువులెత్తే డెరిక్కుకు ఉండేది ఒక్క కొక్కెమే. గ్రాబు మూసేదీ ఎత్తేదీ ఆ తాడే. దవడలు తెరిచి ఉంచడానికి లోపల ఒక కొండి ఉంటుంది. గ్రాబు బొగ్గు మీద కూర్చుని తాడు వదులైతే కొండి జారుతుంది, తాడు లాగితే దవడలు మూసుకుంటాయి. ఖాళీ చేయాలంటే గట్టు మీద ఒక మనిషి సన్న తాడు లాగి కొండి విప్పాలి. ఒక్క కొక్కెం ఉన్న ఏ క్రేన్‌కైనా దీన్ని తగిలించవచ్చు, అదే దీని సుగుణం. కానీ వేలాడే బరువు దగ్గర మనిషి నిలబడక తప్పదు. కొండి అరిగితే ఎప్పుడు విడుతుందో ఎవరూ చెప్పలేరు.

రెండు తాళ్ల గ్రాబుకు క్రేన్‌లో రెండు డ్రమ్ములు కావాలి. హోల్డింగు రోపు గ్రాబును మోస్తుంది. క్లోజింగు రోపు గ్రాబు పైతలకూ కిందితలకూ మధ్య కప్పీల మీద చుట్లు తిరిగి దవడల్ని దగ్గరికి లాగుతుంది. కరిచేటప్పుడు హోల్డింగు రోపు వదులుగా ఉంచాలి, గ్రాబు తన బరువుతో బొగ్గులోకి దిగాలి. దవడలు కలిసిన క్షణంలోనే హోల్డింగును అందుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే బరువంతా క్లోజింగు మీదే పడుతుంది. ఆ కుదుపు కూర్చున్న సీటులో తెలుస్తుంది. ఇక్కడ దవడలు తెరిచేది క్యాబిన్‌లోని మనిషి. ఏ ఎత్తులోనైనా, కావలసినంతే తెరవగలడు. గట్టు మీద బొగ్గు పోసే తొట్టి దాకా దించి మెల్లగా వదిలితే దుమ్ము తగ్గుతుంది, కింద ఎవరూ నిలబడనక్కర్లేదు.

నాలుగు తాళ్ల గ్రాబులో హోల్డింగు రెండు, క్లోజింగు రెండు. ప్రతి జతలో ఒకటి కుడి మెలిక, ఒకటి ఎడమ మెలిక ఉండాలి. బరువు పడితే తాడు తన మెలిక విప్పుకోవాలని చూస్తుంది. ఎదురెదురు మెలికలైతే ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఒక యార్డులో స్టోరు నుంచి చేతికొచ్చిన తాళ్లు వేశారు, అన్నీ కుడి మెలికవే. బొగ్గుతో లేచిన గ్రాబు బొంగరంలా తిరిగింది, నాలుగు తాళ్లూ జడలా అల్లుకున్నాయి. గ్రాబును గట్టు మీదికి దించేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది. ఆనాటి నుంచి కొత్త తాడు వస్తే మెలిక నా కళ్లతో చూశాకే ఎక్కించనిచ్చాను.

1976లో ఔటర్ హార్బరు తెరుచుకుంది, పెద్ద ఓడలు వచ్చాయి. ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఆస్ట్రేలియా బొగ్గు దిగసాగింది. గంటకు ఎన్ని టన్నులన్నదే లెక్కయిన చోట నాలుగు తాళ్లదే రాజ్యం. అయినా తాళ్లు పెరిగితే చాలదు, సరుకు తూకం తెలియాలి. పది టన్నుల క్రేన్‌లో నాలుగు టన్నులు గ్రాబు సొంత బరువే అనుకోండి, సరుకుకు మిగిలేది ఆరు. ఘనమీటరు బొగ్గు సుమారు 0.8 టన్ను, కాబట్టి ఏడు ఘనమీటర్ల గ్రాబు సరిపోతుంది. ఇనుప ఖనిజం ఘనమీటరు రెండున్నర టన్నుల వరకూ తూగుతుంది. అదే గ్రాబు ఖనిజంతో నిండితే సరుకే పదిహేడు టన్నులు దాటుతుంది, క్రేన్ తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

అందుకే ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకు చెబుతాను. ముందు క్రేన్ ఎక్కి డ్రమ్ములు లెక్కపెట్టండి, తర్వాత సరుకు తూకం అడగండి, ఆ తర్వాతే గ్రాబు మాట. అప్పుడప్పుడూ చేసే పనికి, ఒక్క కొక్కెమే ఉన్నప్పుడు ఒంటి తాడు తీసుకోండి. రోజంతా సాగే పనికైతే ఖర్చయినా నాలుగు తాళ్లే తీసుకోండి. ఏ గ్రాబైనా సరే, పొద్దున్నే తాడుకు గ్రీజు పెట్టండి, తెగిన తీగలు లెక్కచూడండి, వేలాడే బరువు కింద ఎవరినీ నిలబడనీయకండి.