తొమ్మిది మంది ఖైదీలు, రెండు విదేశీ పాస్‌పోర్టులు

డ్యూటీలో ఉండి ఎపిసోడ్ వినలేకపోయిన అన్నలు, తమ్ముళ్లు, అక్కచెల్లెళ్ల కోసం ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నేనుండే మెయ్‌నూత్‌లో 1795లో పెట్టిన సెయింట్ పాట్రిక్స్ కాలేజీ ఉంది. కాథలిక్ ఫాదర్లు చదువుకునే చోటు. 1916లో ఇక్కడే చైనాకు ఫాదర్లను పంపే పని మొదలైంది. జనం దాన్ని మెయ్‌నూత్ మిషన్ అనేవాళ్లు, తర్వాత కొలంబన్ ఫాదర్లని పేరొచ్చింది. వాళ్లు ఫిలిప్పీన్స్‌కు కూడా వెళ్లారు. అందులో ఒకాయనే డబ్లిన్‌లో పుట్టిన నియాల్ ఓబ్రయన్.

ఆయన పనిచేసింది నెగ్రోస్ దీవిలో. అక్కడంతా చెరకు తోటలే. భూమి కొద్దిమంది దొరలది, చెమట కూలోళ్లది. సీజన్‌కు పక్క దీవి నుంచి కూడా కూలీలొచ్చి చెరకు కొట్టేవాళ్లు. పాలమూరు వలస కూలీలను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఓబ్రయన్, ఆస్ట్రేలియా ఫాదర్ బ్రయన్ గోర్ కలిసి ఆ కూలీలను సంఘాలుగా కూడగట్టారు. దొరలకు, సైన్యానికి అది గిట్టలేదు.

1982 మార్చిలో కబాంకలాన్ మేయర్‌ను ఎవరో కాల్చి చంపారు. ఆ హత్య తెచ్చి వీళ్ల మీద పెట్టారు. 1983లో ముగ్గురు ఫాదర్లను (ఒకాయన ఫిలిప్పీన్స్ వాడే, విసెంటే దంగన్), ఆరుగురు చర్చి కార్యకర్తలను అరెస్టు చేశారు. ఫాదర్లకు గృహ నిర్బంధం, మిగతావాళ్లకు జైలు. ఇదేం న్యాయమని 1984 జనవరిలో ఫాదర్లు తామే బకోలోద్ జైలుకు పోయి వాళ్లతో కలిశారు.

ఐర్లండ్, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు మార్కోస్ మీద ఒత్తిడి పెట్టాయి. 1984 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఐర్లండ్ వచ్చినప్పుడు ఈ కేసు ఇక్కడ పెద్ద చర్చయింది. మార్కోస్‌కు అండ అమెరికానే కదా! మార్కోస్ క్షమాభిక్ష పెడతానన్నాడు. ఫాదర్లు వద్దన్నారు. చెయ్యని నేరానికి క్షమాపణ తీసుకుంటే నేరం ఒప్పుకున్నట్టే. పైగా ఆ ఆరుగురి సంగతేంటి? చివరికి జూలైలో కేసు కొట్టేశారు, తొమ్మిది మందీ బయటపడ్డారు. విదేశీ ఫాదర్లు మాత్రం దేశం వదలాల్సి వచ్చింది. 1986లో మార్కోస్ పడిపోయాక ఓబ్రయన్ మళ్లీ నెగ్రోస్‌కు వెళ్లాడు. 2004లో పోయాడు.

ఇందులో మనం చూడాల్సింది ఒకటుంది. ప్రభుత్వాలు కదిలింది రెండు పాస్‌పోర్టుల కోసం. ఆ కూలీల తరఫున అడిగే విదేశాంగ మంత్రి ఎవరూ లేరు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఒంటరిగా బయటికి రామన్నారు కాబట్టే అందరికీ తలుపు తెరుచుకుంది.

మనకు పాస్‌పోర్టుంది. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం, పరాయి దేశంలో అరెస్టయితే మన ఎంబసీకి కబురు పెట్టమని అడిగే హక్కుంది. ఎంబసీ వాళ్లు జైలుకొచ్చి కలవొచ్చు, వకీలును చూడొచ్చు. కోర్టు తీర్పును మాత్రం మార్చలేరు. అర్థంకాని భాషలో కాగితమిచ్చి సంతకం పెట్టమంటే, ముందు ఎంబసీని అడగండి. లోపలున్నవాడి చేతిలో ఫోన్ ఉండదు. కాబట్టి రూమ్‌మేట్ రాత్రి రాకపోతే ఎంబసీకి ఫోన్ చెయ్యాల్సింది, మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాల్సింది బయటున్న మనమే.