బస్సు ఎక్కడ ఆగుతుంది?

ప్రభుత్వ బడి పిల్లలకు ఉచిత విజ్ఞానయాత్రలు ఉండాలనడంలో వివాదం లేదు. కూలికి పోయే తల్లిదండ్రులు బస్సు చార్జీ ఎక్కడి నుంచి తెస్తారు? 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకంలో ఇందుకు పద్దు కూడా ఉంది. వివాదమల్లా బస్సు ఎక్కడ ఆగాలన్నదే.

కరీంనగర్ వైపు అంత చిక్కు లేదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన చిముకుని నాణేలు తొలి శాతవాహనుల చర్చలోకి తెలంగాణను తెచ్చాయి. పురావస్తు శాఖ తవ్వకముందే అక్కడి దిబ్బల మీద నాణేలు ఏరింది స్థానికులు. పిల్లలకు మొదట చెప్పవలసింది అదే.

ఆదిలాబాద్‌లో సంగతి వేరు. జోడేఘాట్‌కు తీసుకుపోవడం సులువు, ఇప్పుడక్కడ మ్యూజియం కూడా ఉంది. 1940లో కొమురం భీంను కాల్చింది నిజాం పోలీసులు. నిజాం ఇప్పుడు లేడు. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న, అదే భూమి కోసం సభకు వస్తున్న గోండులను కాల్చింది ఎన్నికైన ప్రభుత్వపు పోలీసులు. 13 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ప్రజల లెక్క అంతకు ఎన్నో రెట్లు. అమరుల స్తూపాన్ని 1986లో పేల్చేశారు, తర్వాత మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న అక్కడికి పోకుండా నిషేధాజ్ఞలు పెట్టారు.

ఆ స్తూపం ముందు బస్సు దిగిన గోండు పిల్లవాడికి పంతులు ఏ లెక్క చెప్పాలి? వాడి ఇంట్లో ఒక లెక్క ముందే ఉండి ఉంటుంది.