గాయపడిన జవాను ఇల్లాలు – కుటుంబ పింఛను చరిత్ర

పింఛనుదారుల ఇళ్లలో తరచు వినబడే ప్రశ్న ఒకటున్నది. "ఆయన పోతే నాకేమొస్తది?" అని ఇల్లాలు అడుగుతుంది. మనవంటి సివిలు ఉద్యోగి భార్యకు జవాబు చెప్పడం సులువు. సైన్యంలో గాయపడో, జబ్బుపడో డిసెబిలిటీ పింఛనుతో ఇల్లు చేరిన జవాను భార్యకు చెప్పడం కొంచెం కష్టం. భర్త చివరి జీతం ఎంత అన్నదానితోపాటు, ఆయన ఏ కారణంతో చనిపోయాడన్నది కూడా ఆమె పింఛనును నిర్ణయిస్తుంది. మన సభ్యుల్లో సైన్యం నుంచి వచ్చి మాజీ సైనికుల కోటాలో ప్రభుత్వోద్యోగం చేసినవారున్నారు గనుక ఈ చరిత్ర మనకందరికీ అవసరమే.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో జవాను భార్యకు పింఛను రావాలంటే, మరణం సైనిక సర్వీసు వల్లనే జరిగిందని తేలాలి. యుద్ధంలో నేలకొరిగినవాని విషయంలో అనుమానం లేదు. కాని గాయంతో ఇంటికి వచ్చి, కొన్నేళ్లు మంచాన పడి కన్నుమూసినవాని సంగతి అట్లా కాదు. కారణం రుజువు చేసుకోలేని ఇల్లాలు ఉత్త చేతులతో మిగిలేది.

1964 జనవరి 1 నుంచి కుటుంబ పింఛను పథకం వచ్చింది. మరణానికి కారణం ఏదైనా సరే, పింఛనుదారుని భార్యకు ఎంతో కొంత అందే ఏర్పాటు ఇది. అయితే ఆ తేదీకి ముందే రిటైరైనవారి భార్యలు దీని బయటే ఉండిపోయారు. పూనమల్ అనే వితంతువు మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985 ఏప్రిల్ 30 నాటి తీర్పుతో, 1977 సెప్టెంబరు 22 నుంచి వర్తించేటట్లు వారికీ కుటుంబ పింఛను దక్కింది. దీనికి బలమిచ్చింది 1982 డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు. పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చే దానం కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పిన ఆ తీర్పు రోజునే మనం ఏటా పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాము.

ఈలోగా 1971 యుద్ధం జరిగింది. యుద్ధంలో మరణించినవారి, గాయపడినవారి కుటుంబాల కోసం రక్షణ మంత్రిత్వ శాఖ 1972 ఫిబ్రవరి 24న ఉదారమైన పింఛను ఉత్తర్వు ఇచ్చింది.

ఇంకొక చిక్కు మిగిలింది. ఉద్యోగం నుంచి వచ్చిన తరువాత పెళ్లి చేసుకున్న భార్యకు కుటుంబ పింఛను లేదని నిబంధన. చిన్న వయసులోనే గాయంతో ఇంటికి చేరి, ఆ తరువాత పెళ్లాడిన జవాన్ల భార్యలకు ఇది పెద్ద దెబ్బ. ఆ మనిషికి జీవితాంతం సేవ చేసింది వీళ్లే కదా! మాజీ సైనికుని భార్య భగవంతి వేసిన కేసులో సుప్రీంకోర్టు 1989 ఆగస్టు 30న ఈ నిబంధన చెల్లదని చెప్పింది.

ఐదవ వేతన సంఘం తరువాత 2001 జనవరి 31న వచ్చిన ఉత్తర్వు, 1996 జనవరి 1 నుంచి రేట్లను స్పష్టం చేసింది. సాధారణ కుటుంబ పింఛను జీతంలో 30 శాతం. మరణం సర్వీసు వల్ల కలిగినదైతే, లేదా సర్వీసు వల్ల ముదిరినదైతే, స్పెషల్ కుటుంబ పింఛను 60 శాతం. యుద్ధం వంటి సందర్భాల్లో మరణిస్తే లిబరలైజ్డ్ కుటుంబ పింఛను, అంటే చివరి జీతమంత. ఉదాహరణకు లెక్కకు తీసుకునే జీతం రూ. 30,000 అనుకుందాం. సాధారణ పింఛను రూ. 9,000, స్పెషల్ రూ. 18,000. కరువు భత్యం కలపకుండానే ఏడాదికి రూ. 1,08,000 తేడా. బీడీలు చుట్టి, మరమగ్గాలకు కండెలు చుట్టి ఇల్లు నడుపుకునే మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ఆడవాళ్లకు ఈ తేడా ఎంతటిదో చెప్పనక్కరలేదు.

గాయపడిన జవాను ఇంట్లో చనిపోయినప్పుడు ఆ 30కి, 60కి మధ్య నిలిచేది ఒక్క కాగితమే. పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో ఇచ్చే మరణ ధ్రువపత్రంలో మరణ కారణం ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమే దానిని చూపవద్దన్నది. కనుక చివరిసారి చూసిన డాక్టరుచేత మరణ కారణ ధ్రువపత్రం విడిగా రాయించుకోవాలి. ఏ వైకల్యానికి పింఛను వచ్చిందో ఆ వైకల్యం వల్లనే ప్రాణం పోయిందని అందులోను, ఆసుపత్రి కాగితాల్లోను కనబడాలి. మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ పెట్టెలో భద్రంగా ఉండాలి. సైన్యంలో చేరేనాడు లేని జబ్బు తరువాత వస్తే, అది సర్వీసు వల్లనే అని భావించాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులై 2న చెప్పిన మాట ఇటువంటి కుటుంబాలకు కొండంత అండ.

గుమాస్తాగా ఉన్న రోజుల్లో నేను ఎక్కువగా చూసిన చిక్కు పేర్లది. పింఛను కాగితంలో లచ్చవ్వ, రేషను కార్డులో లక్ష్మి, బ్యాంకులో లక్ష్మీబాయి. ముగ్గురూ ఒక్కతేనని రుజువు చేసేసరికి ఏళ్లు గడిచేవి. పాత కాగితాల్లో కరీంనగర్ జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి గనుక ఇప్పటి చిరునామా వేరు. భర్త ఉండగానే భార్య పేరు, పుట్టిన తేదీ, జాయింట్ ఫోటో పి.పి.ఓ.తోను, స్పర్శ్ విధానంలోను సరిచూసుకోవడం మేలు.

సైన్యంలోను, తరువాత సివిలు కొలువులోను పింఛను సంపాదించినవారి భార్యకు పూర్వం ఒక్క కుటుంబ పింఛనే ఇచ్చేవారు. 2013 జనవరి 17 నాటి ఉత్తర్వుతో, 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ తీసుకోవచ్చు. అసలు పింఛనే లేని, హవల్దారు హోదా వరకు పనిచేసిన మాజీ సైనికులకు, వారి వితంతువులకు 65 ఏళ్లు దాటితే కేంద్రీయ సైనిక్ బోర్డు నెలసరి సహాయమున్నది. దానిని 2025లో రూ. 4,000 నుంచి రూ. 8,000కు పెంచారు. దరఖాస్తులకు సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించాలి.

పూనమల్, భగవంతి వంటి ఆడవాళ్లు అడిగారు గనుకనే ఈ హక్కు ఇంతదూరం వచ్చింది. సభ్యులు తమ వాడలో డిసెబిలిటీ పింఛను తీసుకునే జవాను ఉంటే ఆ ఇంటికొకసారి వెళ్లి కాగితాలు చూసి రావాలని కోరుతున్నాను. జవాను చనిపోయిన ఇల్లయితే, ఆ తల్లి పింఛను సాధారణమా, స్పెషలా అన్నది పి.పి.ఓ.లో చదివి చెప్పండి. మన జీవితమంతా ఫైళ్లు చూడడంతోనే గడిచింది. ఆ అనుభవం ఒక ఇల్లాలికి అక్కరకు వస్తే అంతకన్నా ఏం కావాలి!