చాచిన చేతిలో పనిముట్టు పెట్టేవారు

1889లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి పెద్ద నర్సుగా కరోలిన్ హాంప్టన్ చేరారు. క్రిములను చంపడానికి వాడే మెర్క్యురిక్ క్లోరైడ్ ద్రావణం ఆమె చేతులను పుండ్లు చేసింది. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి కబురు పెట్టి, ఆమె కోసం పల్చని చేతి తొడుగులు చేయించారు. ఆపరేషన్ గదిలో గ్లవ్స్ చరిత్ర అలా సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించే మనిషి చేతుల దగ్గర ఊపందుకుంది.

ఆ పని చాలాకాలం నర్సులదే. రెండో ప్రపంచ యుద్ధం దాన్ని మరో చేతికి మార్చింది. గాయపడినవారు వేలల్లో వస్తున్నారు, నర్సులు చాలడం లేదు. పోరాట నౌకల మీదికి మహిళా నర్సులను పంపేవారు కాదు. అందుకని అమెరికా సైన్యం, నౌకాదళం తమ వైద్య సహాయక సిబ్బందికే ఫోర్‌సెప్స్ పేర్లు, కుట్టుదారాల రకాలు, కత్తి అందించే పద్ధతి నేర్పాయి. యుద్ధం ముగిశాక కూడా నర్సుల కొరత తీరలేదు. పని తెలిసిన ఆ మాజీ సైనికులను ఆసుపత్రులు ‘ఆపరేటింగ్ రూమ్ టెక్నీషియన్లు’గా పిలిచి పెట్టుకున్నాయి. మనవాళ్లు ఓటీ టెక్నీషియన్ అనేది ఇలాంటి పనివారినే.

కొత్తగా వచ్చినవారు పాతవారి పక్కన నిలబడి చూసి నేర్చుకునేవారు. ఒక ఆసుపత్రి నేర్పింది మరో ఆసుపత్రికి సరిపడేది కాదు. 1969లో టెక్నీషియన్లకు సొంత సంఘం ఏర్పడింది, 1970లో తొలి సర్టిఫికేషన్ పరీక్ష జరిగింది. వృత్తి పేరు కూడా తర్వాత ‘సర్జికల్ టెక్నాలజిస్ట్’గా మారింది.

పరీక్ష వచ్చాక చదువు ఎక్కడన్న ప్రశ్న వచ్చింది. దానికి తగిన చోటు అమెరికాలో అప్పటికే ఉంది. ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో 1901లోనే రెండేళ్ల ప్రభుత్వ కళాశాల మొదలైంది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నతవిద్యా సంఘం ఇలాంటి కమ్యూనిటీ కాలేజీలు దేశమంతటా రావాలని సిఫారసు చేసింది. ఇంటి దగ్గర, తక్కువ ఫీజుతో, పని నేర్పే చదువు. ఆపరేషన్ గది పని క్రమంగా అక్కడి అసోసియేట్ డిగ్రీల్లో చేరింది.

ఈరోజు అమెరికాలో ఈ చదువుకు కాలేజీ వెతుక్కునే విద్యార్థి ముందుగా గుర్తింపు చూడాలి. సీఏఏహెచ్‌ఈపీ లేదా ఏబీహెచ్‌ఈఎస్ అనే సంస్థలు గుర్తించిన కోర్సు చదివినవారినే ‘సర్టిఫైడ్ సర్జికల్ టెక్నాలజిస్ట్’ పరీక్షకు రానిస్తారు. సైన్యంలో ఈ శిక్షణ పొందినవారికీ దారి తెరిచే ఉంది. వృత్తికి పుట్టిల్లు అదే కదా.

ఆ తర్వాత అడగాల్సింది, కాలేజీ ఏ ఆసుపత్రుల్లో పని చేయిస్తుందని. పాఠ్యప్రణాళిక 120 ఆపరేషన్లు కోరుతుంది: సాధారణ శస్త్రచికిత్సలు 30, ఎముకలు, కళ్లు, గుండె వంటి ప్రత్యేక విభాగాల్లో 90. వీటిలో కనీసం 80 ఆపరేషన్లకు విద్యార్థి ప్రధాన బాధ్యతతో బల్ల దగ్గర నిలబడాలి. దగ్గరలో తగినన్ని ఆసుపత్రులతో ఒప్పందాలు లేని కాలేజీలో ఈ లెక్క పూర్తవడం కష్టం.

ఆ 80 సార్లలో ప్రతిసారీ, సర్జన్ కోత మూసేముందు ఆ విద్యార్థి నర్సుతో కలిసి సూదులు, గుడ్డలు, పనిముట్లు పైకి వినిపించేలా లెక్కపెడతాడు. మొదట పెట్టిన లెక్కతో అది కలవకపోతే అందరూ ఆగి వెతుకుతారు.